నీరే కదా

తలుపు మీద డ్రెస్సింగ్ రూమ్ అన్న అక్షరాల్లో సున్నా ఊడిపోయింది, ఎవరో గోటితో గీకి ఉంటారు, ఈ బల్ల మీద కూర్చునేవాళ్ళకి చేతులు ఊరుకోవు, నావీ ఊరుకోవడం లేదు, కొంగు చివర మడుస్తున్నాను, విప్పుతున్నాను, మళ్ళీ మడుస్తున్నాను. లోపల ఆయన్ని పడుకోబెట్టారు. ఇంకా గాయం తెరవలేదు. డాక్టర్ చరిత గారు పై అంతస్తులో ఎవరికో ఆపరేషన్ చేస్తున్నారు, అది ముగించి దిగి వస్తానన్నారు, గంట పట్టొచ్చన్నారు. పొద్దున్న ఆవిడ గ్లౌజు వేసుకున్న చేత్తో ఆయన పొట్ట మడతని పైకెత్తి చూశారు. తర్వాత విశాఖలో కిడ్నీ మార్చిన పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడి, నా వైపు తిరిగి, చెప్పవలసింది చెప్పేశారు. చీము పైన కొవ్వు పొరలోనే ఆగి ఉంటే ఇక్కడే తెరిచి కడిగేస్తారట. కండ దాటి లోపలికి దిగి ఉంటే మాత్రం చెయ్యి పెట్టరట, విశాఖ వెళ్ళిపోవాలి, అక్కడ ఒంటిని కాపాడుకోవడానికి కిడ్నీ మందులు తగ్గించాలి, తగ్గిస్తే కొత్త కిడ్నీ నిలుస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. "ఎన్నాళ్ళ నుంచి కారుతోంది?" అని ఆయన్నే అడిగారు. "నిన్నటి నుంచేనండి" అన్నారు ఆయన. "నిన్నటిదైతే పైపైదే అయి ఉంటుంది. వారం దాటితే మాత్రం చెప్పండి, స్కాన్ చూడకుండా నేను కత్తి పెట్టను." ఆయన పైకప్పు కేసి చూశారు. మా అత్త నేల కేసి చూసింది. నేను ఇద్దరినీ చూశాను.

నిన్నటి నుంచి కాదు. అది నాకు తెలుసు. ఎన్నాళ్ళ నుంచో మాత్రం తెలియదు. నాకు తెలిసినదల్లా ఒక లుంగీ. నిన్న సాయంత్రం మేడ మీద తీగ మీంచి బట్టలు తీసి మడతపెడుతుంటే ఆయన నీలం గళ్ళ లుంగీ ఒకచోట గట్టిగా తగిలింది, గంజి పెట్టినట్టు. నేను ఆయన లుంగీలకి గంజి పెట్టను, ఆయనకి ఒరుసుకుంటుందని పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. వేళ్ళతో నలిపి చూశాను, పెళుసుగా విరిగింది, గంజి అలా విరగదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉతికిన బట్టకి ఉతికిన వాసన ఉండాలి. కింద మిగిలిన రెండు లుంగీల్లోనూ చూశాను, ఒకదానికి అదే చోట అదే గట్టిదనం, కానీ పాతది, రెండు మూడు ఉతుకులు తిన్నది. అంటే ఎవరో నా చేతికి రాకుండానే ఉతికి ఆరేస్తున్నారు. మా ఇంట్లో నేను కాక ఇంకెవరు ఉతుకుతారు, బరువు ఎత్తొద్దని డాక్టర్లు అంత గట్టిగా చెప్పిన మా అత్త తప్ప. ఒక కిడ్నీ ఇచ్చి, తన కోత లోపల ఇంకా లాగుతూనే ఉన్నా, తెల్లవారకముందే లేచి, కొడుకు లుంగీ బాల్చీలో జాడించి ఆరేస్తోంది. కోపం రావాలో ఏం రావాలో తెలియలేదు నాకు, లుంగీ పట్టుకుని మేడ మెట్ల మీద అలాగే కూర్చున్నాను, వెనక వీధిలో ఎవరో కుక్కర్ మూత తీస్తున్న చప్పుడు వింటూ.

ఇప్పుడు ఆవిడ నా పక్కనే ఉంది. ఎడమ చెయ్యి నడుం మీద, కిడ్నీ తీసిన చోట. ఆ చెయ్యి అక్కడికి తనంతట తానే వెళ్తుంది, నిద్రలో కూడా వెళ్తుంది, చంటిపిల్లల చెయ్యి తల్లి మెడ మీదికి వెళ్ళినట్టు. తవిటమ్మ అని పేరు, ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే పిల్లని తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేసి ఆ పేరు పెట్టేవారట ఆ రోజుల్లో. ఎండుగరికలా ఉంటుంది మనిషి. విశాఖలో ఆవిడ గాయం చూసి పెద్ద డాక్టరు మెచ్చుకున్నారు, ఈ అమ్మకి కుట్టు వేశానో గీత గీశానో నాకే తెలియడం లేదు అన్నారు. అదే డాక్టరు, అదే దారం, పక్కపక్క గదులు. ఆవిడ కోత వెంట్రుక గీతలా మానిపోయింది. ఆయన కోత, పొట్ట కుడివైపు కింద, వంకీలా తిరిగి ఉంటుంది, దాని కింది కొస పొట్ట మడత కింద దాక్కుంటుంది. పడుకుంటే కనిపిస్తుంది. కూర్చుంటే మాయమవుతుంది. ఎప్పుడూ చెమ్మ. నేను బి.ఎస్సీ. బోటనీ చదివాను, ప్రాక్టికల్స్‌లో రొట్టెముక్క తడిపి గాజుమూత కింద పెట్టి బూజు పెంచేవాళ్ళం, చెమ్మ ఉండాలి, వెచ్చగా ఉండాలి, తిండి ఉండాలి, ఇంకేమీ అక్కర్లేదు, మర్నాటికల్లా దూది పరిచినట్టు వచ్చేసేది, మేం సంతోషపడేవాళ్ళం. ఆపరేషన్‌కి ముందు ఆయనకి డాక్టరు చెప్పింది ఇంచుమించు అదే. కొవ్వులో రక్తం తక్కువ పారుతుందయ్యా, కుట్టు సరిగ్గా పట్టదు, మధ్యలో నీరు ఊరుతుంది, నువ్వు వేసుకునే మందులు ఒంటి కాపలా తగ్గిస్తాయి, కాబట్టి బరువు తగ్గి రా, తగ్గాకే చేస్తాను. గది బయటికి రాగానే మా అత్త అన్నమాట నాకింకా చెవిలో ఉంది. "సన్నబడమన్నోడు డాక్టరేటే? మీ మావ సన్నబడి సన్నబడి ఏటయిపోనాడో నాను సూడనేదా?"

చూసింది. నేను చూడలేదు, నేను కోడలిగా వచ్చేసరికి మావయ్య నరసింగరావు గారు గోడ మీద ఫోటో. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే ఉద్దానం వైపు ఊళ్ళో వాళ్ళకి కొబ్బరీ జీడీ ఉండేవి. అక్కడ మనిషి చిక్కాడంటే పలకరించే తీరే మారిపోతుంది, ఏం బాబూ బాగున్నావా అని అడిగేవాళ్ళు అడగడం మానేసి చూసి ఊరుకుంటారు. ఒకడి చేతి గడియారం మణికట్టు నుంచి మోచేతి వైపు జారడం మొదలైతే ఆ ఇంట్లో ఆడవాళ్ళు మౌనమైపోతారు. మావయ్య గడియారం మోచెయ్యి దాకా జారిందట. అప్పుడే ఈవిడ కొడుకుని తీసుకుని ఆ ఊరొదిలి పాతపట్నం వచ్చేసింది, ఆ నీళ్ళు తాగనివ్వనంటూ. నీళ్ళ వల్లే అంటారు, మట్టి అంటారు, మందులు చల్లడం అంటారు, ఎవరూ ఇంకా తేల్చి చెప్పలేదు. ఊరు మారినా జబ్బు ఊరుకోలేదు, పాతపట్నంలో ఎరువుల కొట్టు పెట్టుకుని, పెళ్ళి చేసుకుని, పిల్లని బడికి పంపుతున్న ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. కానీ ఒక్క తేడా. ఈయన చిక్కలేదు. డయాలసిస్ మీద ఉండి కూడా ఒళ్ళు చేశారు. ఒళ్ళు చెయ్యడం. మా వైపు అది తిట్టు కాదు, దీవెన. చుట్టాలు వచ్చి బుగ్గలు చూసి, ఒళ్ళు సేసినాడమ్మా, గండం గడిసినట్టే అనేవాళ్ళు, మా అత్త ముఖం వెలిగేది. నా ముఖం కూడా వెలిగే ఉంటుంది, ఎవరూ అద్దం పట్టి చూపించలేదు గానీ.

కొట్లో ఎరువు బస్తాలు తూచే కాటా ఉంది. సెలవు రోజు మధ్యాహ్నాలు ఆయన దాని మీద ఎక్కి నిలబడేవారు, గుమాస్తా ముల్లు చదివేవాడు. ఆయన మేనమామ కొడుకు సోములు అన్నయ్య వస్తే ఇక నవ్వులే. "ఒరే బావా, నీకు కాటా సాలదురా, లారీలు తూసే వేబ్రిడ్జికి తోలుకుపోవాల" అనేవాడు. "ఎక్కువైనదంతా నీరురా, రేపు మిషనెక్కితే దిగిపోతాది" అని ఆయన జవాబు. అదీ ఆ రోజుల్లో మా ఇంటి లెక్క. పెరిగినదంతా నీరు. మిషను తీసేస్తుంది. మిషను తీసేది నిజమే, ఎక్కేముందు తూచి, దిగాక తూచి, తేడా అంతా నీరే అని నర్సు చెప్పేది, కానీ దిగాక మిగిలే బరువు కూడా నెలనెలా కొంచెం కొంచెం పైకి పోతూనే ఉంది, అది నీరు కాదు, గుడ్ల వేపుడు, నేతి బూరెలు, అన్నం మీద మళ్ళీ అన్నం. అది నీరు కాదని నేను ఒకసారి అన్నాను. "నువ్వు సదువుకున్నదానివి, నీకు లెక్కలు తెలుస్తాయి. ఆకలి నాకు తెలుస్తాది" అంది మా అత్త, కోపంగా కాదు, నా కంచంలో కూడా ఇంకో బూరె వేస్తూ. చివరికి ఎంతో కొంత తగ్గారు, చాలినంత కాదు, పెద్ద డాక్టరు పెదవి విరిచి, మీ అమ్మకి వయసు పైబడుతోంది, ఇంకా ఆగితే ఆవిడ పనికిరాదు, చేసేద్దాం, గాయం మాత్రం కంటికి రెప్పలా చూసుకోవాలి అన్నారు. కంటికి రెప్పలా. రెప్ప మూసుకుంటేనే కదా కాపాడేది. మూసుకున్నాక కన్నుకి ఏం కనిపిస్తుంది.

సోములు అన్నయ్య మెట్లెక్కి వచ్చాడు, చేతిలో మూడు కాగితం కప్పులు, వేళ్ళు కాలుతున్నట్టు ముఖం. "సెల్లెమ్మా, టీ. కారులో డీజిలు నిండా పోయించీసినాను. ఎల్లమంటే విశాఖ, ఒద్దంటే ఇల్లు." నేను తీసుకున్నాను. మా అత్త వద్దని తల తిప్పింది. "తాగత్తా, నీ కొడుకేటి ఒరిగిపోడు. ఆ పొట్టలోకి సీము దిగాలన్నా దానికి బస్సు టికెట్టు కావాల." మామూలు రోజైతే నవ్వేదే. "ఆ టీ నువ్వే తాగు, కాసేపు నీ నోరు మూసుకుంటాది" అంది ఆవిడ. అతను తలగీరుకుని కిందికి వెళ్ళిపోయాడు, కారు దగ్గరే ఉంటాడట. వెళ్తూ రెండు కప్పులు కిటికీ గట్టు మీద పెట్టాడు, వాటి మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ, శ్రీకాకుళం వీధిలో ఆటోల హారన్లు, ఎచ్చెర్ల వెళ్ళే కాలేజీ బస్సు ఒకటి ట్రాఫిక్‌లో ఇరుక్కుని అరుస్తోంది, లోపల పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోతున్నారు. నేను కూడా ఒకప్పుడు అలా నిద్రపోయాను. ఈ ఊళ్ళో అద్దె వాటా తీసుకున్నది దుమ్ము పడకూడదనే, పాతపట్నం కొట్టు దుమ్మూ ఎరువుల ఘాటూ ఆయనకి తగలకూడదని. నేల రోజూ రెండుసార్లు ఫినాయిల్‌తో తుడిచాను. నీళ్ళు కాచి చల్లార్చి వడకట్టాను. చెప్పులు గుమ్మం బయట, ముఖానికి మాస్కు, పండు కడిగి తొక్క తీసి, గ్లాసు వేడినీళ్ళలో ముంచి. పాప వాళ్ళ నాన్నని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని నాకు చూపించాలి. అన్ని తలుపులూ మూశాను. దాక్కున్న ఆ ఒక్క మడత తప్ప. అది నాకు చూపించేవారు కాదు ఆయన. మొదట్లో నేనే తుడుస్తానంటే, "నువ్వు ఒగ్గేయ్, అమ్మ సూసుకుంటాది" అన్నారు. సిగ్గు. పెళ్ళినాటి ఒళ్ళు నాకు తెలుసు కాబట్టి ఈ ఒళ్ళు నాకు చూపించడానికి సిగ్గు. తల్లి దగ్గర ఉండదు ఆ సిగ్గు, తల్లికి ఒళ్ళు ఎంత పెరిగితే అంత ఇష్టం.

నీరు. ఆ మాట దగ్గరే తిరుగుతోంది నా బుర్ర. డయాలసిస్ రోజుల్లో ఇంట్లో నీరంటే శత్రువు, అదే నీరంటే ఆశ. రోజుకి ఇన్ని గుక్కలే అని కొలిచి పోస్తే నాలిక పిడచకట్టుకుపోయి ఆయన ఐసుముక్క చప్పరించేవారు, కొబ్బరితోటల్లో పుట్టినవాడికి కొబ్బరినీళ్ళు నిషేధం. పాదం మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఇంట్లో ఉదయం మొదటి మాట, నీరు దిగిందా. చుట్టాల ఫోన్లలో మొదటి మాట, నీరు దిగతన్నాదా. ఆపరేషన్ అయిన సాయంత్రం పెద్ద డాక్టరు బయటికి వచ్చి, బల్ల మీదే మూత్రం మొదలైందమ్మా, ధారగా వస్తోంది అన్న మాట నేను లోపలికి వెళ్ళి చెప్తే మా అత్త, అప్పుడే తెలివి వచ్చి, మత్తు నాలికతో అడిగింది, "ఎంతొచ్చినాది? సెంబుడా?" సంచీలో నిండుతున్న ఆ పసుపు నీళ్ళని నేను గంటల తరబడి చూస్తూ కూర్చున్నాను, శ్రీముఖలింగం గుడిలో దీపం కేసి కూడా అంతసేపు చూసి ఉండను. ఒంట్లోంచి నీరు బయటికి రావడం అంటే మా ఇంట్లో పండగ. మూడేళ్ళపాటు దాని కోసమే ఎదురు చూశాం. ఇప్పుడు నాకు అర్థమవుతోంది, అర్థం కాకుండా ఉంటే బాగుండును అనిపిస్తోంది, కానీ అర్థమవుతోంది.

"అత్తా" అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు. "ఎన్నాళ్ళైంది?" అని అడిగాను, మెల్లగా, కొంగు చివర చూస్తూ, బెదిరించినట్టు కాకుండా, కూరలో ఉప్పు వేశావా అని అడిగినట్టు. ఎంత మెల్లగా అడిగినా ఆ ప్రశ్నకి పళ్ళుంటాయి. లోపల ఆయన దగ్గారు. దగ్గు అయ్యాక మూలుగు, పొట్ట కదిలితే నొప్పి. ఆ మూలుగు విన్నాక ఆవిడ అంది.

"మీ తమ్ముడు జీడిపళ్ళు తెచ్చినాడు సూడు. ఆ రోజు పొద్దున్న తుడుస్తన్నాను. తెల్లగా, నీళ్ళలాగ. వాసనా గీసనా ఏటీ నేదు. ఆడికి సూపించినాను. నీరే కదే అమ్మా, పోనీ, లోపల ఉండి ఏటి సేస్తాది అన్నాడు. నాకూ అలగే తోచినాది. ఇన్నాళ్ళూ నీరు దిగనేదు దిగనేదని ఏడిస్తిమి కదా. ఇప్పుడు మిషను నేకుండా, సూది నేకుండా, దానంతటదే దిగతన్నాదని సంతోషమయిపోనాది."

జీడిపళ్ళు. బుట్టలో ఎర్రగా, ఒగరు వాసనతో ఇల్లంతా నిండిపోయింది, పొటాషియం అని ఆయనకి ఒక్కటి కూడా ఇవ్వలేదు నేను, ఆయన అలిగారు, పాప తిని గొంతు గరగర అంది, మిగిలినవి మెత్తబడి పులిసిపోతే పారబోశాను, పారబోసిన తర్వాతే ఉగాది పచ్చడి చేశాను, ఉగాది అయి కూడా... వారం కాదు. వారం ఎప్పుడో దాటిపోయింది. అన్ని రోజులూ ఆవిడ ఒక మెత్తటి పాతచీర పీలికతో అద్ది, మడత మధ్య ఇంకో పీలిక పెట్టి, నేను లేవకముందే లుంగీ జాడించి ఆరేసింది. నేను ఈగని ఇంట్లోకి రానివ్వలేదు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీతో సెప్తే ఏటవుతాది? బండెక్కించేస్తావు. ఆడే ఒద్దన్నాడు, అమ్మా, శైలకి సెప్పకు, ఆసుపత్రి పేరెత్తితే సాలు నాకు ఒళ్ళు సల్లబడిపోతాది, నాలుగు రోజులు ఇంట్లో తొంగోనీ అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. మూడేళ్ళయినాది ఆడు ఇంట్లో నిమ్మళంగా తొంగుని." మళ్ళీ తనే, "మొన్నటి నుంచి సిక్కబడ్డాది. పాలలాగ. నిన్న వాసనొచ్చినాది." నా వైపు తిరిగింది, మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు లేవు, చదువురాని మనిషి అక్షరాన్ని చూసే చూపు ఉంది. "ఒలే శైలా, నీరు సీమవుతాదేటే?"

అవునంటే నీ చేతులే అన్నట్టు. కాదంటే అబద్ధం. నాకు తెలిసినది తెలిసినట్టు చెప్పడం తప్ప ఇంకేం రాదు, దానివల్లే నాకు ఇంట్లో ఏదీ చెప్పరు కాబోలు. "మొదట వచ్చింది నీరే అత్తా" అన్నాను. "నువ్వు అనుకున్నది తప్పు కాదు. కానీ అది కిడ్నీ జబ్బు నీరు కాదు, ఒంట్లో పట్టిన నీరు కాదు. కొవ్వులో కుట్టు పట్టకపోతే ఆ సందులో ఊరిన నీరు. అది బయటికి వచ్చిన దారినే పురుగు లోపలికి పోయింది. మందుల వల్ల జ్వరం కూడా సరిగ్గా రాలేదు, వచ్చి ఉంటే మనకి తెలిసేది." ఆవిడ విన్నది. విని, "అలగైతే దారి నానే సూపించినాను" అంది. నేను కాదనలేదు. కాదనాలి, తెలుసు, ఏ కోడలైనా ఆ క్షణంలో కాదనే ఉండేది, కానీ నా లోపల ఒక మూల ఇంకా లుంగీలు మడతపెడుతూ ఉంది, గట్టి చోటు వెతుకుతూ. పక్కనున్న ఆవిడ చెయ్యి మీద నా చెయ్యి వేశాను. చర్మం, కింద ఎముక. మధ్యలో ఏమీ లేదు. ఈ ఒంట్లోంచి తీసినది ఆ ఒంట్లో, అంత కొవ్వు కింద, పక్కనే మురుగు వస్తుంటే, తన పని తాను చేసుకుంటూ ఉంది. ఉందా? పొద్దున్న కూడా మూత్రం బాగానే వచ్చింది. అంటే ఉంది. కండ దాటి ఉంటే. దాటకుండా ఉంటే. కండ ఎంత మందం ఉంటుంది, ఎండువిస్తరి అంతా, చాప అంతా, నాకు తెలియదు, ఆకు అడ్డుకోత గీసి పొరలన్నిటికీ పేర్లు రాసిన చెయ్యి ఇది, మొగుడి పొట్టలో ఎన్ని పొరలుంటాయో తెలియదు. డాక్టరుకి చెప్పాలి. ఆవిడ నిన్నటిదే అనుకుని కత్తి పెడితే. నేను చెప్తే ఈవిడ ఏమైపోతుంది, అందరి ముందు నా కోడలే నా తప్పు చెప్పింది అని జీవితాంతం మోస్తుంది. చెప్పకపోతే ఆయన ఏమైపోతారు. ఇదేమంత కష్టమైన లెక్క కాదు, ఆయనా, ఈవిడ మొహమా, ఎవరైనా చెయ్యగలిగిన లెక్క, అయినా నా కాళ్ళు బల్ల కింద అలాగే ఉన్నాయి, పైన ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్న చప్పుడు, స్లిప్పర్లు మెట్లు దిగుతున్న చప్పుడు, ఆకుపచ్చ బట్టల అంచు కనిపిస్తోంది, లేవాలి, లేస్తున్నాను.

నా కంటే ముందు ఆవిడ లేచింది. నడుం పట్టుకుని, పక్కకి ఒరిగి, మెట్ల దగ్గర డాక్టరుకి అడ్డంగా నిలబడింది. "డాక్టరమ్మా, మావోడు అబద్దమాడినాడు. నిన్నటిది కాదు. ఉగాదికి ముందు నుంచి కారతన్నాది. తుడిసినది నాను. దాసినది నాను. మా కోడలికి తెల్దు." చరిత గారు ఆవిడ ముఖం చూసి, నా ముఖం చూసి, మాస్కు కిందికి లాగారు. కోప్పడతారనుకున్నాను. "మొదట నీళ్ళలా వచ్చిందా?" అని మాత్రం అడిగారు. "నీళ్ళే. నీరే కదా అనుకున్నాం." డాక్టరు తల ఊపి, "అందరూ అలాగే అనుకుంటారమ్మా" అని, స్కాన్ చేసే అతన్ని ఇంటి నుంచి పిలవమని నర్సుకి చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. అందరూ అనుకుంటారు. ఆ మాట ఓదార్పో, మందలింపో, అలసటో తేల్చుకోలేకపోయాను. స్కాన్ అతను మోటారు సైకిలు మీద వచ్చాడు, హెల్మెట్ తీయకుండానే గదిలోకి పోయాడు, చక్రాల బండి మీద మిషను వెళ్ళింది, తలుపు మూసుకుంది. ఇప్పుడు ఇద్దరం నిలబడే ఉన్నాం. కూర్చోవాలని తోచలేదు. ఆవిడ పెదాలు కదుపుతోంది, ముఖలింగేశ్వరుడికేనేమో, ఒకసారి మాత్రం గట్టిగా వినిపించింది, "పోతే నాది పోనీ, ఆడిని ఒగ్గీ". దేవుడితో బేరం కాదు అది, రైతుబజారులో అమ్మేసి లేచిపోతున్న మనిషి చివరిమాటలా ఉంది. లోపల ఏదో లోహం పళ్ళెంలో పడింది. ఆయన "అమ్మా" అన్నారు. ఎవరిని పిలిచారో, నొప్పినో. మళ్ళీ ఏ చప్పుడూ లేదు. కిందనుంచి సోములు అన్నయ్య ఫోన్ చేస్తున్నాడు, నా చేతిలో ఫోన్ వణుకుతోంది, ఎత్తలేదు, ఏమని చెప్పను, ఇంజను వెయ్యమనా, ఆపమనా.

తలుపు తెరిచి నర్సు తల బయటపెట్టింది. "తవిటమ్మ గారు, శైలజ గారు, ఇద్దరూ మాస్కులు వేసుకుని రండి, మేడమ్ పిలుస్తున్నారు." ఇద్దరినీ ఎందుకు. మంచి కబురైతే ఒకరు చాలరా. చెడ్డ కబురైతే ఇద్దరు కావాలా. లోపల చల్లగా, వెలుతురు ఎక్కువగా, స్పిరిట్ వాసన కింద ఆ లుంగీ వాసన. ఆయన ముఖానికి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ తెర. తెరకి ఇటు పొట్ట ఒక్కటే, మనిషి లేని పొట్ట, మడతని నర్సు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది, దాని కింద గాయం తెరిచి ఉంది, అరచెయ్యి పట్టేంత. చీము లేదు, కడిగేశారు. పసుపు రంగు కొవ్వు, మొక్కజొన్న గింజల్లా ముద్దలు ముద్దలుగా, దాని అడుగున తెల్లగా మెరుస్తున్న ఒక పొర. నేను చూశాను, కళ్ళు తిప్పుకోలేదు. "దీన్ని కుట్టను" అంటున్నారు డాక్టరు. "తెరిచే ఉండాలి. అడుగు నుంచి అదే పూడుకుంటూ రావాలి. నెలలు పడుతుంది, ఇంత ఒళ్ళు కాబట్టి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. రోజూ పలచటి గాజ్ గుడ్డ తీసి, కడిగి, కొత్తది కూరాలి, ఎలాగో చూపిస్తాను, ఇద్దరూ నేర్చుకోండి." తెర అవతలి నుంచి ఆయన, "శైలా, నువ్వు సూడకు" అన్నారు. "చూసేశాను" అన్నాను.

మా అత్త డాక్టరు చెప్పేది వినడం లేదు. బల్ల అంచు పట్టుకుని గాయంలోకి తొంగి చూస్తోంది, పసుపు ముద్దల మధ్య, ఈ పక్కా ఆ పక్కా, చీకటి గదిలో దాచిన వస్తువు వెతుకుతున్నట్టు. "ఏదమ్మా" అంది. "నాది ఏదీ? నాది కనిపించదేటి?"

డాక్టరు చేతిలో గుడ్డ ఆగింది. "మీది ఆ తెల్ల పొర కింద ఉందమ్మా. అది కండ మీది పొర, చెక్కుచెదరలేదు, చీము దాన్ని దాటలేదు. మీది కనిపించకూడదు. కనిపించి ఉంటే నేను మిమ్మల్ని పిలిచేదాన్ని కాదు, మీ కారుని పిలిచేదాన్ని."

తెర అవతల ఆయన ఊపిరి వదలడం వినిపించింది. మా అత్త మాత్రం నమ్మినట్టు లేదు. ఇంకా వంగింది, తన కోత లాగి ఒక్క క్షణం ముఖం ముడుచుకుంది, నేను వెనక నుంచి రెండు భుజాలూ పట్టుకుని ఆపబోయాను. "ఒగ్గే" అంది, నా చేతులు విదిలించకుండానే. "ఇంకొంచెం వంగనీయే."